ఆదివారం ఆదివారం పెరిగిన ఇల్లు

ఉజ్వలకు మనుషుల మీద నమ్మకం తక్కువ. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఒక ఫ్లెక్సీ వల్ల వచ్చింది. రెండేళ్ల కిందట ముచ్చటపడి ఒక ఉడత బొమ్మ గీసి నెట్‌లో పెట్టింది. చెట్టు తొర్రలో కూర్చుని పుస్తకం చదువుకునే ఉడత. నెల తిరక్కుండానే సిద్దిపేట బస్టాండ్ ఎదురుగా ఒక ట్యూషన్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఆ ఉడత వెలిసింది. కళ్లద్దాలు అదనం. అడగడానికి వెళితే ఆ సెంటరాయన నవ్వి, "నెట్ల దొరికింది మేడం. నీదే అనేటందుకు ఏమన్న ఉన్నదా?" అన్నాడు. ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఉజ్వల తన బొమ్మలు ఎవరికీ చూపించదు. ఏం గీస్తున్నావని కన్నతల్లి అడిగినా "ఊరికెనే" అంటుంది.

వారమంతా ఒక ప్రైవేటు బళ్లో డ్రాయింగ్ చెబుతుంది. మిగతా పొద్దంతా తండ్రి స్టీలు సామాన్ల దుకాణం మీది గదిలో, అమ్ముడుపోని గంగాళాల మధ్య బల్ల వేసుకుని బొమ్మలేస్తుంది. అలా రెండేళ్లు గడిచాక ధైర్యం చేసి పంపితే, పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే హైదరాబాద్ వాళ్లు ఆమె కథ ఒకటి తీసుకున్నారు. కథా ఆమెదే, బొమ్మలూ ఆమెవే. వాన వచ్చి ఇల్లంతా నీళ్లయితే ఒక కోడిపెట్ట తన పిల్లలను చాటలో ఎక్కించుకుని ఒడ్డుకు తీసుకుపోతుంది, అంతే కథ. చివరి బొమ్మనే ముందు గీసేసింది ఉజ్వల. గడప దాకా నీలం నీళ్లు, వాటి మీద చాట, చాటలో నిక్కి చూసే కోడి. తను ఇంతవరకు గీసినవాటిలో అదే మేలైనదని ఆమెకు గట్టి నమ్మకం. మనుషుల మీద లేని నమ్మకమంతా ఆ బొమ్మ మీద పెట్టుకుంది.

ఇక మిగిలింది ఇల్లు. ఉజ్వలకు ఒక పట్టుదల ఉంది, చూసిందే గీస్తుంది. ఫోటో చూసి గీయడమంటే ఆమె దృష్టిలో ఎంగిలి కూడు తినడమే. తొగుట దాటాక ఒక ఊళ్లో, తోటి టీచరు పెళ్లికి వెళ్లినప్పుడు ఆమెకు కావలసిన ఇల్లు కనబడింది. గూనపెంకుల కప్పు, నీలం తలుపు, ముందు ఒక జామచెట్టు, దానికి కట్టేసిన ఒకే ఒక్క మేక. ఆ ఇల్లు కొండవ్వది. కొడుకు కర్ణాకర్ ఆటో నడుపుతాడు.

మొదటి ఆదివారం ఉజ్వల వాకిట్లోకి వెళ్లి, అట్ట మీద కాగితం బిగించింది.

"ఎవలు బిడ్డా నువ్వు? ఏం గావాలె?" అంటూ కొండవ్వ బయటికి వచ్చింది.

"ఏం లేదవ్వా. మీ ఇల్లు మంచిగున్నది. గీసుకుంట."

"ఎందుకు?"

"ఊరికెనే."

కొండవ్వ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఉజ్వల చేయి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకుంది. ఒక కన్ను మూసి, బొటనవేలు పెన్సిల్ మీద జరుపుతూ తలుపు ఎత్తెంత, కప్పు ఎత్తెంత అని కొలుచుకుంది. కాగితం మీద చిన్నచిన్న గుర్తులు పెట్టుకుంది. బొమ్మలేసేవాళ్లందరూ చేసే పనే అది. పోతూ పోతూ మాత్రం ఒక మాట అన్నది.

"అవ్వా, నేను గీడికొచ్చి గీస్తున్ననని ఎవ్వలకు చెప్పకు."

కొండవ్వ ముఖంలో రంగు మారింది. "ఆఁ... చెప్ప మేడం" అంది.

వచ్చినప్పుడు బిడ్డా అన్న మనిషి పోయేటప్పుడు మేడం ఎందుకన్నదని ఉజ్వల ఆలోచించలేదు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించే పిల్ల, అనుమానించాల్సిన ఆ ఒక్కదాన్ని వదిలేసి బస్సెక్కింది.

రెండో ఆదివారం ఆమె కోసం ప్లాస్టిక్ కుర్చీ సిద్ధంగా ఉంది. చాయ్ వచ్చింది. ఉడకబెట్టిన పల్లికాయలు వచ్చాయి. మర్యాద ఎక్కువైతే ఉజ్వలకు ఒళ్లు జలదరిస్తుంది. ఈసారి ఇంటిని పక్క సందు వైపు నుంచి గీయాలి. గీస్తుంటే కర్ణాకర్ ఆటో ఆపి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"మేడం, గీ కొట్టం బొమ్మల పడ్డదా?"

"పడ్డదన్నా."

"గా నిమ్మచెట్టు?"

"అది గూడ పడ్డది."

"మంచిగ సూడుండ్రి మేడం. ఒక్కటి గూడ ఇడ్వద్దు."

ఇతనికెందుకు ఇంత పట్టింపు? ఉజ్వల ఓరగా చూసింది. కర్ణాకర్ ఫోన్ ఎత్తి ఆమె కాగితాన్ని ఫోటో తీస్తున్నాడు. ఆమెకు కళ్లద్దాల ఉడత కళ్ల ముందు కదిలింది.

"ఫోటో ఎందుకు తీసినవ్?"

"ఊరికెనే మేడం" అన్నాడు కర్ణాకర్.

తన మాట తనకే తిరిగొస్తే ఎట్లా ఉంటుందో ఉజ్వలకు అప్పుడు తెలిసింది. పల్లికాయలు ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. కానీ పుస్తకానికి ఇల్లు కావాలి కదా, మూడో ఆదివారం మళ్లీ వచ్చింది. ఈసారి ఎదురింటి గోడ దగ్గర నిలబడి, ఎవరితో మాట్లాడకుండా, కనబడిందంతా గీసుకుని పోయింది. మూడింటికీ రంగులు వేసి, ఫోటోలు తీసి హైదరాబాద్ పంపింది.

రెండు రోజులకు ఎడిటర్ మేడం ఫోన్ చేసింది. మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించింది.

"ఉజ్వలా, ఒక మాట అడుగుతాను. ఏమీ అనుకోవద్దు. ఈ బొమ్మలు మీరు చేత్తోనే గీశారా?"

"అదేంటి మేడం? చేత్తోనే."

"ఈమధ్య కంప్యూటర్‌తో చేయించి తమ బొమ్మలని పంపుతున్నారు. వాటిని ఎలా పట్టుకుంటామో తెలుసా? పేజీ పేజీకి ఏదో ఒకటి మారిపోతుంది. మీ మొదటి బొమ్మలో జామచెట్టు ఒక్కటే. రెండో దాంట్లో నిమ్మచెట్టు, కొట్టం ఎక్కడి నుంచి వచ్చాయి? మూడో దాంట్లో మేకలు మూడయ్యాయి. గోడ పక్కన ట్యాంకు మొలిచింది. కథ జరిగేది ఒక్క రోజులో కదా?"

ఉజ్వల బల్ల మీద బొమ్మల కోసం వెతుక్కుంది.

"నేను మిమ్మల్ని నమ్ముతాను. మా పైవాళ్లు నమ్మరు. ఈ వారంలో ఏదో ఒకటి తేల్చండి. లేదంటే పుస్తకం ఆపేస్తారు" అని ఎడిటర్ మేడం ఫోన్ పెట్టేసింది.

దొంగలకు భయపడి రెండేళ్లు తలుపులేసుకు కూర్చున్న మనిషిని పట్టుకుని, నువ్వే దొంగవా అని అడిగినట్టయింది. ఉజ్వలకు ఏడుపొచ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. బొమ్మలు మూడూ గంగాళాల మీద పక్కపక్కన పరిచింది. ఎడిటర్ చెప్పింది నిజమే. ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి గీయడం వల్ల, వెనక ఉన్నది ఇప్పుడు కనబడుతోందిలే అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు మూడింటినీ కలిపి చూస్తే అట్లా లేదు. ఇల్లు పెరుగుతోంది.

ఇల్లు తనంతట తాను పెరగదు. ఎవరో పెంచుతున్నారు. ఎవరు? ఎందుకు? ఫోటో తీసిన కర్ణాకర్ మొదట గుర్తొచ్చాడు. ఆ తరువాత శైలేందర్ గుర్తొచ్చాడు. ఉడత ఫ్లెక్సీ అచ్చేసింది అతని దుకాణంలోనే. మర్నాడు బడి నుంచి వస్తుంటే ఆ శైలేందరే తన దుకాణం మెట్ల మీద నిలబడి పిలిచాడు.

"ఏం ఉజ్వలా, తొగుట దిక్కు తిరుగుతున్నవంట? నిన్న ఒక ఆటో ఆయన ఫోన్ల నీ బొమ్మ సూపిచ్చుకుంట వచ్చిండు. నువ్వు ఏ ఆఫీసుల పనిచేస్తవని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"నాకేం తెలుసు, ఏమడిగినా ఊరికెనే అంటదని చెప్పిన."

ఉజ్వల బుర్ర చకచకా పనిచేసింది. వీడూ ఆ ఆటోవాడూ ఒకటే. తన పుస్తకం చెడగొట్టాలని ఇద్దరూ కలిసి చెట్లు నాటుతున్నారు. ఒక మనిషి పుస్తకం చెడగొట్టడానికి ఇంకో మనిషి కొట్టం కడతాడా అని ఆమె తనను తాను అడగలేదు. అడిగితే అనుమానం చల్లారిపోతుంది, ఆమెకేమో అది వేడిగానే కావాలి.

ఆదివారం దాకా ఆగకుండా శనివారమే సెలవు పెట్టి పోయింది. ముందు వాకిలి వైపు కాకుండా వెనక పొలం గట్టు మీది నుంచి నడిచింది. కొండవ్వ ఇంటి మూలన మనిషెత్తు మామిడిచెట్టు ఉంది. పోయిన వారం లేదు. ఉజ్వల అటూ ఇటూ చూసి, వంగి, మొదలు పట్టుకుని గుంజింది. చెట్టు సులువుగా చేతికి వచ్చింది. వేరు లేదు. ఎక్కడో నరికి తెచ్చి పాతిన కొమ్మ అది. నిమ్మచెట్టు దగ్గరికి పోయి చూస్తే దాని ఆకులు ఎండి చుట్టుకుపోయాయి. ట్యాంకుకు పైపే లేదు. కొట్టం నాలుగు కర్రల మీద పరదా కప్పిన పందిరి. ఇంతలో పక్కింటి పోశమ్మ వచ్చి మేకల్లో రెండింటిని విప్పుకుంటూ, "అక్కా, మేపుకొస్త. రేపు పొద్దుగాల మల్ల కట్టేస్తలే, గా మేడం వచ్చేవరకు" అని ఇంట్లోకి కేక వేసింది. తల తిప్పి ఉజ్వలను చూసి, మేకలతో సహా మాయమైంది.

కేక విని కొండవ్వ బయటికి వచ్చింది. కొమ్మ పట్టుకుని నిలబడిన ఉజ్వలను చూసింది.

"ఇయ్యాల శనివారం గదా మేడం" అంది.

"ఏందవ్వా ఇది? వేరు లేని చెట్టేంది? పరాయి మేకలేంది? ఎవరు జెయ్యమన్నరు? శైలేందర్ పంపిండా?"

"శైలేందర్ ఎవలు? మీ పెద్ద సారా?"

ఆటో దిగి కర్ణాకర్ వచ్చాడు. అతనూ కొమ్మను చూశాడు. ఇక దాచేదేమీ లేదనుకున్నాడేమో, గొంతు పెంచాడు. "మీరు మమ్మల్ని అడుగుడు గాదు మేడం. ముందుగాల మీది ఏ ఆఫీసు? ఆర్డరు కాగితం ఏది? సూపియ్యుండ్రి."

"ఆఫీసేంది? నాకు ఏ ఆఫీసు లేదు."

"ఆఫీసు లేకుంటే తలుపు ఎందుకు కొలిసినవ్? కప్పు ఎందుకు కొలిసినవ్?"

గీసిన కాగితాలన్నీ కుట్టుకుని ఉజ్వల చంకలో పెట్టుకున్న బొమ్మల పుస్తకాన్ని కొండవ్వ లాక్కుంది. కన్నతల్లికీ చూపించని పుస్తకం అది. కొండవ్వ ఒక్కో పేజీ తిప్పింది. తన ఇల్లు ముందు నుంచి, తన ఇల్లు పక్క నుంచి, తన ఇల్లు ఎదుటి నుంచి. చివరి పేజీ తిప్పి ఆగిపోయింది. నీలం రంగు మీద వేలు పెట్టింది. మెల్లగా గడప మీద కూలబడింది.

"గడపదాకనేనా?" అంది. "కప్పుదాక గూడ వస్తయా నీళ్లు?"

ఉజ్వలకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలోని కొమ్మ జారిపోయింది.

"మా తల్లిగారి ఊరు గా మల్లన్నసాగర్ డ్యాముల మునిగిపోయింది" అంది కొండవ్వ, ఎటో చూస్తూ. "మా తమ్ముడు ఎల్లన్న బతుకుదెరువుకు భివండి పోయి ఉండె. మునిగేటియాటికి పైసలియ్యనీకి ఇండ్లు రాసుకునేటోళ్లు వచ్చిన్నాడు ఇంటికి తాళం. సూపిచ్చెటోళ్లు లేరు. బయటికి కనవడ్డదే రాసుకున్నరు. పెరట్ల చింతచెట్టు, బాయి, మా నాయిన కట్టిన కొట్టం, ఏది రాతల రాలె. వాడొచ్చి మొత్తుకుంటే రాసిన దాంట్ల లేదు గదా అన్నరు. కండ్ల ముందు చెట్టు ఉన్నది, కాయితం మీద లేదు. గప్పుడు ఉన్నదే లేదాయె. గందుకే గీసారి లేనిది గూడ పెట్టినం."

"అవ్వా, నేను రాసుకునేటోళ్ల మనిషిని గాదు. గిది చిన్నపిల్లల కథ. వానొస్తది, కోడిపెట్ట పిల్లల్ని చాటల ఎక్కిచ్చుకుంటది. గంతే."

కర్ణాకర్ నవ్వాడు, నమ్మకం లేని నవ్వు. "కోడిపెట్ట బొమ్మ గీయనీకి సిద్దిపేట నుంచి ఆదివారం ఆదివారం బస్సెక్కి వస్తరా ఎవలన్న?"

"గదే నా పనన్నా."

"మరి ఎవ్వలకు చెప్పద్దంటివి ఎందుకు?"

ఉజ్వల దగ్గర దానికి ఉన్నదల్లా ఉడత కథ. సిగ్గుపడుతూ అదే చెప్పింది. నెట్‌లో పెట్టడం, ఫ్లెక్సీ మీదికి ఎక్కడం, ట్యూషన్ సెంటరాయన అడిగిన మాట, అన్నీ చెప్పింది. మొదటి రోజే పిల్లల పుస్తకం అని ఒక్క మాట అని ఉంటే వీళ్లు ఈ కొమ్మలు పాతేవాళ్లే కాదని చెబుతూ చెబుతూనే తెలిసొచ్చింది. ఒక ముసలావిడను ఇన్ని రోజులు నిద్రలేకుండా చేసింది తన "ఊరికెనే" అని తెలిసి ఆమెకు నిజంగా బాధేసింది.

"బొమ్మను గూడ ఎత్తుకపోతరా?" అంది కొండవ్వ, వింతగా.

"పోతరవ్వా. నీదే అనేటందుకు ఏమున్నదంటరు."

కొండవ్వ ఆ మాట విని తలూపింది. ఉజ్వల చెప్పినవాటన్నింటిలో ఆమెకు నమ్మబుద్ధయిన మాట అదొక్కటే. కానీ వేలు మాత్రం నీలం మీది నుంచి తీయలేదు.

ఉజ్వల పుస్తకం తీసుకుని ఆ పేజీ చింపింది. తను గీసినవాటిలో మేలైన బొమ్మ. కొండవ్వకు ఇచ్చింది. కొండవ్వ లోపలికి పోయి దాన్ని పొయ్యిలో పెట్టి, అది బూడిదయ్యేదాకా చూసి, ఆ పొయ్యి మీదనే చాయ్ పెట్టింది.

ఎడిటర్ మేడంకు ఉజ్వల జరిగింది జరిగినట్టు చెప్పి, వేరు లేని మామిడి కొమ్మ ఫోటో పంపింది. "ఇంత కథ కంప్యూటర్ అల్లలేదులే" అంది ఆమె. తరువాత, "ఆ నీళ్ల కథ కన్నా ఇదే బాగుంది కదా?" అంది. ఉజ్వల వెంటనే ఒప్పుకోలేదు. ముందు కొండవ్వను అడగడానికి పోయింది. కొండవ్వ ఆలోచించి, "పెడితే పెట్టుకో. నీళ్లు మాత్రం పెట్టకు" అంది. అట్లా కోడిపెట్ట చాట దిగింది. కొత్త కథలో లెక్కలు రాసుకునే కొంగ ఒకటి వస్తుందని తెలిసి, కోడిపెట్ట ఇల్లు రోజుకొకటి అరువు తెచ్చుకుని పెరుగుతుంది. పేజీ పేజీకి ఏం కొత్తగా వచ్చిందో పిల్లలు వెతుక్కోవాలి.

పుస్తకం అచ్చయ్యేసరికి వానలు వచ్చిపోయాయి. సంతకం ఎట్లా పెట్టాలో ఉజ్వల పాత కాగితాల మీద బాగా సాధన చేసింది. ఉ కింద ఉడత తోక వచ్చేట్టు ఒక వంపు తిప్పేది. ఎవరో ఒక చిన్నపిల్ల పుస్తకం చాచి సంతకం అడుగుతున్నట్టు ఊహించుకునేది. మొదటి ప్రతులు రాగానే రెండు సంచిలో వేసుకుని తొగుట బస్సెక్కింది.

కొండవ్వ అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పింది. జామచెట్టు మీద వేలు, కొట్టం మీద వేలు, ట్యాంకు మీద వేలు. చివరి పేజీలో నీలం కనబడగానే వేలు ఆగింది.

"గిది నీళ్లు గాదు గదా?"

"ఆకాశం అవ్వా."

వేలుకు తడేమీ తగల్లేదన్నట్టు దాన్ని చీరకొంగుకు తుడుచుకుని నమ్మింది. పాతిన కొమ్మ మీద కోడి ఎక్కితే అది ఒరిగిపోయే బొమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు కర్ణాకర్‌ను కేకేసి ఆటోలోంచి పెన్ను తెమ్మంది.

"సంతకం పెట్టు బిడ్డా" అంది.

మేడం పోయి మళ్లీ బిడ్డ అయింది. పైగా సంతకం. ఉజ్వల కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి పేజీ తెరిచి, ప్రేమతో అని మొదలుపెట్టబోయింది.

"గాడ గాదు" అంది కొండవ్వ. పేజీలు తిప్పి ఇల్లు నిండుగా ఉన్న బొమ్మ తీసింది. "ఇల్లు ఉన్నకాడ పెట్టు. తారీఖు గూడ ఎయ్యి. గీ ఇల్లు నేను సూసిన అని రాయి."

ఉజ్వల పెన్ను ఆగింది. "అవ్వా, గిండ్ల లేని చెట్లు గూడ ఉన్నయ్ గదా."

"ఇప్పుడు ఉన్నయ్. సూసుకో పో."

మూలన, వేరు లేని కొమ్మ ఉన్న చోటే, మోకాలెత్తు మామిడి మొక్క ఉంది. దాని పక్కన నిమ్మమొక్క. ఉజ్వల కాసేపు తటపటాయించింది. తరువాత వంగి మొదలు పట్టుకుని మెల్లగా గుంజింది. రాలేదు. సిగ్గేసి వెనక్కి తిరిగి చూసింది. కొండవ్వ ఏమీ అనుకోలేదు, తనైనా అదే పని చేసేదన్నట్టు చూస్తోంది.

"గట్టిగ గుంజు" అంది. "మల్ల అనుమానం ఎందుకు?"

గట్టిగా గుంజినా రాలేదు. కొట్టానికి ఈసారి నిజం గోడలున్నాయి. ట్యాంకుకు పైపు ఉంది. ఉజ్వల అరుగు మీద కూర్చుని రాయబోతుంటే కొండవ్వ మళ్లీ ఆపింది.

"రెండు మేకలు పోశమ్మయి. గది గూడ రాయి. అవద్దం రాసినవని రేపు ఎవలు అనద్దు."

ఉజ్వల తన పుస్తకం మీద మొదటి సంతకం పెట్టింది. ఈ ఇల్లు నేను చూశాను, చెట్లు గుంజి చూశాను, మేకల్లో రెండు పోశమ్మవి, అని రాసి, తారీఖు వేసి, కింద ఉజ్వల అని రాసింది. ఉడత తోక తిప్పలేదు. కొండవ్వ సిరా ఆరేదాకా ఊదింది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, లోపలికి తీసుకుపోయి, ఇనుప సందుగలో చీరల అడుగున పెట్టి తాళం వేసింది.

"పిల్లలు సదువుకునే పుస్తకం అవ్వా. వాళ్లకు సూపియ్యవా?" అంది ఉజ్వల.

కొండవ్వ తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.

"పిల్లలకు ఇంకోటి తెచ్చియ్యి బిడ్డా. గిది ఇంటిది."